మా బావగారు బేరమాడిన కారు

ఈ దేశం వచ్చాక మా ఇంటి ముందు చాలా కార్లు నిలబడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా నేను ఎంచుకున్నది కాదు. మొదటిది, నాతో గదిలో ఉన్నతను ఊరు మారుతూ నాకు అంటగట్టి పోయినది. రెండోది మా ఆవిడ అన్నయ్య తేల్చినది. ఆ తర్వాతవి పాప సీటు పట్టాలని, మంచులో జారకూడదని, మా ఆవిడ నడుం నొప్పికి ఎత్తుగా ఉండాలని, తిరిగి అమ్మితే ఎంతో కొంత రావాలని కొన్నవి. సంతకాలు మాత్రం నావి. ఈ సంగతి ఇంట్లో ఎత్తితే "మళ్ళీ మొదలుపెట్టారా" అంటారు. మళ్ళీ మొదలుపెట్టడానికి అది ఎప్పుడైనా ముగిస్తే కదా.

ఆ రెండో కారు గురించి ముందు చెప్పాలి. అప్పుడు నాకు ఒంటారియోలో సార్నియా అనే ఊళ్ళో, నది ఒడ్డునున్న కెమికల్ ప్లాంట్లలో ఒకదాంట్లో ఇంజనీరుగా ఉద్యోగం వచ్చి కొద్దికాలమే అయింది. బస్సుల్ని నమ్ముకుంటే షిఫ్టుకి చేరలేం. ఇప్పటికీ అంతే. మొదటి కారు చలికాలంలో నడిరోడ్డు మీద ఆగిపోయాక, కొత్తది కొందామని షోరూముకి వెళ్ళాం. మా ఆవిడ అన్నయ్య రెజైనాలో డాక్టరు. నేను ఆయన్ని బావగారూ అంటాను, ఆయన నన్ను బావా అంటారు. అప్పుడు సెలవులకి మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఆయనా వచ్చారు.

షోరూములో ఒక మూల ఆ కారు ఉంది. ముదురాకుపచ్చ రంగు. ఇద్దరే పడతారు. పైకప్పు గుడ్డది, వెనక్కి మడిచేయొచ్చు. హెడ్‌లైట్లు బానెట్ లోపల దాక్కుని ఉంటాయి, స్విచ్ నొక్కితే పైకి లేస్తాయి. నేను దాని డోరు మీద చెయ్యి వేశాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

"ఇద్దరే పట్టే కారేంటి బావా! మా చెల్లెలు నీ పక్కన, రేపు పుట్టే పిల్ల డిక్కీలోనా?" అన్నారు బావగారు.

మా ఆవిడ నవ్వింది. కార్లు అమ్మే కుర్రాడు కూడా నవ్వాడు. వాడికి తెలుగు ముక్క రాదు, అయినా నవ్వాడు. ఎవర్ని చూసి నవ్వాలో అర్థం చేసుకోవడానికి భాష అక్కర్లేదు కాబోలు. మేము తడిమట్టి రంగు నాలుగు తలుపుల కారు కొనుక్కుని ఇంటికొచ్చాం. దాన్ని చాలా ఏళ్ళు నడిపాను. అది ఒక్కసారి కూడా చెడిపోలేదు. చెడిపోయి ఉంటే నేను అనదలుచుకున్న మాటలు కొన్ని ఉండేవి.

రిటైరయ్యాక నాకు కావలసినది ఒక్కటే. ఒక్క కారు, నేను ఎంచుకున్నది. కొత్తది అక్కర్లేదు. నేను చెయ్యి వేసి వదిలేసిన ఆ కారే, ఆ ఏడాదుల్లో తయారైనదే కావాలి. ఇప్పుడవి పాతబడిపోయాయి. ఇంకొన్నేళ్ళు పోతే క్లాసిక్ అంటారు. అప్పుడు నాలాంటి పెన్షనుదారు చేతికి అందదు.

దీని గురించి నేను చదివినంత మా ఊళ్ళో ఇంకెవరూ చదివి ఉండరు. పాతదల్లా క్లాసిక్ అయిపోదు. ఒకప్పుడు ఆ కారు కావాలనిపించి కొనుక్కోలేకపోయిన వాళ్ళు చాలామంది ఉండాలి. ఇప్పుడు వాళ్ళ చేతిలో కాస్త డబ్బు ఆడుతూ ఉండాలి. అప్పుడే దాని ధర పెరుగుతుంది. ఖరీదైన జర్మనీ కార్లు పాతబడితే చవగ్గానే దొరుకుతాయి గానీ, ఒక్క పార్టు పోతే మిగతా కారు ధరంతా దానికే పెట్టాలి. చిన్న జపాన్ కార్లకి ఆ బాధ లేదు. గేర్లు చేత్తో మార్చేదై ఉండాలి, ఎందుకంటే అవి ఇప్పుడు అరుదుగానే తయారవుతున్నాయి. అన్నిటికంటే కష్టం, ఎవరూ చెయ్యి పెట్టనిది దొరకడం. కుర్రాళ్ళు వీటిని కొని, స్ప్రింగులు కోసి కిందికి దింపి, వీధంతా లేచేలా సైలెన్సర్లు తగిలించి పాడుచేశారు. ఫ్యాక్టరీలోంచి వచ్చినట్టే ఉన్నవి తక్కువ. వాటిలోనూ సగాన్ని ఒంటారియో రోడ్ల మీద చల్లే ఉప్పు తినేసింది. గుడ్డ టాపు చిరిగితే మార్చుకోవచ్చు, సీటు చిరిగితే కుట్టించుకోవచ్చు. అడుగున రేకు తుప్పు పట్టిందంటే మాత్రం ఇక అంతే.

ఇదంతా మా తెలుగు వాళ్ళ పిక్నిక్‌లో చెప్పాను. పులిహోర ప్లేటు పట్టుకుని ఒకాయన "అంటే పాత సామాన్లవాడికి వేసేది మీరు డబ్బిచ్చి తెచ్చుకుంటారన్నమాట" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన పేరు రాయను. ఆయనకి తెలుసు. వాటర్లూలో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి ఫోన్లో విని, "డాడ్, మిడ్‌లైఫ్ క్రైసిస్‌కి కూడా నువ్వు లేటే" అంది. మా ఆవిడ మాత్రం ఒప్పుకుంది. "కొనుక్కోండి. నా బండిని గరాజ్‌లోంచి బయటపెట్టనంటే కొనుక్కోండి." గరాజ్‌లో రెండో సగం నిండా సూట్‌కేసులు, వందమందికి వండే గిన్నెలు ఉన్నాయి. వాటిని బేస్‌మెంటులోకి మోసుకెళ్ళి పెట్టింది నేనే. ఎవరూ ఒక చెయ్యి వేయలేదు.

మూడు చోట్ల చూశాను. ఒకటి అడుగంతా జల్లెడ. ఒకదానికి రంగు మళ్ళీ వేశారు. గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టి చూస్తే తలుపు కింద అతుక్కోలేదు. రేకు ఉండాల్సిన చోట పుట్టీ ఉందన్నమాట. మూడోదాని సైలెన్సరు దూరం నుంచే వినపడితే నేను దిగకుండానే తిరిగొచ్చాను. వేసవి సగం అయ్యాక, ఊరికి కొంచెం బయట, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఇంట్లో ఒకటి ఉందని ప్రకటన చూశాను. ముదురాకుపచ్చ. కొత్తది కొన్నప్పటి నుంచి ఒకే యజమాని. చలికాలంలో ఎప్పుడూ బయటికి తీయలేదట. ధర నా చేతికి అందేదే.

నేనొక్కణ్ణే వెళ్ళి ఉంటే ఆ రోజే కారు నాదయ్యేది. కానీ మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పెద్ద వస్తువు కొనడానికి ఒక్కరే వెళ్ళకూడదు, వెంట బేరం తెలిసిన మనిషి ఉండాలి. ఆ వేసవికి బావగారు మా ఇంట్లోనే ఉన్నారు. ఆయన కూడా రిటైరయ్యారు, మోకాళ్ళు పాడయ్యాయి. మోకాళ్ళ కారణంగా ఏ కారులోనైనా ముందు సీటు ఆయనదే. నా భార్య ఎన్నేళ్ళుగా వెనక కూర్చుంటోందో ఎవరూ అడగరు.

దారిలో ఆయన నాకు పాఠం చెప్పారు. "నచ్చినట్టు మొహంలో కనపడనీయకు బావా. నువ్వు నోరు విప్పకు. వంకలు పెట్టడం నాకొదిలెయ్. ఎంత నచ్చితే అన్ని వంకలు పెట్టాలి."

"చీరల కొట్లో నేను చేసేదదే. నచ్చినదాన్నే ముందు పక్కకి తోసేస్తా" అంది మా ఆవిడ వెనక నుంచి.

నేను ఏమీ అనలేదు. అనొద్దన్నారు కదా.

యజమాని మాకంటే కొంచెం పెద్దాయన. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని మాకోసం ఎదురుచూస్తున్నాడు. షెడ్డు తలుపు పైకెత్తాడు. కారు మీద దుప్పటి కప్పి ఉంది. దాన్ని రెండు చేతులతో మడుస్తూ తీశాడు. లాగి కింద పడేయలేదు. అది చూసే నాకు తెలిసింది, ఈయన కారు నేను వెతుకుతున్నదేనని. లోపల పాత క్యాసెట్ ప్లేయర్ అలాగే ఉంది. డిక్కీలో కారుతోపాటు వచ్చిన పనిముట్ల సంచి కూడా ఉంది. స్విచ్ నొక్కి హెడ్‌లైట్లు లేపి చూపించాడు.

బావగారు మొదలుపెట్టారు. ఇంగ్లీషులోనే, పెద్ద గొంతుతో.

"ఈ రంగు వెలిసిపోయినట్టుందే?" అన్నారు. వెలవలేదు. డోరు తీసి ధడాలున వేసి, "డబ్బా చప్పుడు" అన్నారు. వెనకున్న ప్లాస్టిక్ కిటికీ మీద వేలితో కొట్టి, "పసుపు పచ్చగా అయిపోయింది, దీన్లోంచి ఏం కనపడుతుంది?" అన్నారు. సీటు మీద అరచేత్తో నొక్కి, "గుంట పడింది" అన్నారు. చివరికి టైరుని బూటుతో తన్ని, "ఇద్దరు పట్టే ఈ బొమ్మని ఈ రోజుల్లో ఎవరు కొంటారండీ? మేము కాబట్టి వచ్చాం" అన్నారు. మా ఆవిడ పక్కనుంచి ముక్కు చిట్లించి తలూపుతోంది. అది కూడా బేరంలో భాగమే.

నేను ఆ సమయంలో కారు వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, టార్చి వేసి అడుగు చూస్తున్నాను. పొడిగా, నల్లటి నూనె పూతతో, కొత్తదానిలా ఉంది. ఎడమవైపు వెనక చక్రం ముందు, తలుపు కింది రేకు మీద మాత్రం ఒకచోట రంగు చిన్నగా ఉబ్బింది. గుడ్డ టాపు మీద పడ్డ నీళ్ళు కిందికి పోయే గొట్టం అక్కడ పూడుకుపోయి ఉంటుంది. వేలితో తడిమాను. లేచి టార్చి జేబులో పెట్టుకున్నాను.

బావగారు అడిగిన ధరలో సగానికి కొంచెం పైన ఒక ధర చెప్పారు. పెద్దాయన దుప్పటి మడతలు విప్పాడు. బావగారు నాకేసి చూసి, తెలుగులో "పదండి. వెళ్ళిపోతున్నట్టు నెమ్మదిగా నడవండి. పిలుస్తాడు" అన్నారు.

మేము నెమ్మదిగా నడిచాం. ఆయన మోకాళ్ళకి అది సులువే. నేను కంకర మీద ఒక్కొక్క అడుగే వేస్తూ వెనక నుంచి పిలుపు కోసం చెవులు రిక్కించాను. వినపడింది షెడ్డు తలుపు కిందికి దిగిన చప్పుడు. తిరిగి చూస్తే మూసిన రేకు తలుపు మాత్రమే ఉంది. పెద్దాయన ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

"రేపు ఫోన్ చేస్తాడు చూడు" అన్నారు బావగారు, ముందు సీటులో కూర్చుంటూ.

ఫోన్ రాలేదు. ఆ వారమంతా నేను బావగారితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆయనకి అది తెలియలేదు. చెల్లెలు చేసిన పెసరట్లు తింటూ, టీవీ చూస్తూ, "ఇంకా రాలేదా? మొండివాడు. ఇంకో వారం ఆగు" అన్నారు. ప్రకటన ఇంకా అలాగే ఉంది. రోజూ పొద్దున లేచి, అది ఉందా పోయిందా అని చూసుకున్నాకే కాఫీ తాగేవాణ్ణి.

చివరికి ఆగలేక నేనొక్కణ్ణే వెళ్ళాను. పెద్దాయన జాలీ తలుపు తీయకుండానే మాట్లాడాడు.

"కారు అమ్మడం లేదు."

"ప్రకటన ఉంది కదా."

"మీకు అమ్మడం లేదు."

నేను తిరిగొచ్చేశాను. అవమానమే. ముఖం మీద తలుపు వేయడం అంటారు గానీ, అసలు తలుపే తీయకపోవడం అంతకంటే హీనం. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే, "పోనీలెండి, ఊళ్ళో అదొక్కటే కారా" అంది. అవును, అదొక్కటే. నేను వెతికాను కాబట్టి నాకు తెలుసు.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి షెడ్డు తలుపు పైకెత్తి ఉంది. ఆయన లోపల బల్ల దగ్గర ఏదో తుడుస్తున్నాడు. నేను గుమ్మం దాటకుండా బయటే నిలబడ్డాను. వెళ్ళమనలేదు, రమ్మనలేదు. చేతిలో పని ఆపకుండానే అన్నాడు:

"మీతో వచ్చినాయన రంగు వెలిసిందన్నాడు. డోరు డబ్బా చప్పుడన్నాడు. కిటికీ పసుపన్నాడు. సీటు గుంట పడిందన్నాడు. తర్వాత టైరుని తన్నాడు. బొమ్మ అన్నాడు."

వరస కూడా తప్పలేదు. ఒక్క మాట మర్చిపోలేదు. ఈ దేశంలో ఇంతకాలానికి నాకు ఒక మనిషి మీద గౌరవం కలిగింది.

"మా వైపు కొనేటప్పుడు అలా మాట్లాడతారు. నచ్చిన వస్తువునే అలా అంటారు" అన్నాను.

"నచ్చినదాన్ని తన్నుతారా?"

మా వైపు కూడా తన్నరు. అది బావగారి సొంత కల్పన. అందుకని ఆ మాటా చెప్పేశాను. తర్వాత ఒక్కొక్కటీ తీసుకున్నాను. ప్లాంటులో నా మీద తప్పుడు రిపోర్టు రాసినప్పుడు ఎలా జవాబిచ్చానో అలాగే ఇచ్చాను. రంగు వెలవలేదు, ఫ్యాక్టరీ రంగే, డోరు లోపలి అంచు రంగూ పైరంగూ ఒకటే. ఈ కారు తలుపు తేలిక, ఆ చప్పుడు అలాగే ఉండాలి, భారీగా వినిపిస్తేనే అనుమానించాలి. ప్లాస్టిక్ కిటికీ ఎండకి పసుపవుతుంది, అది పాతదేననడానికి అదే సాక్ష్యం, కావాలంటే మార్చుకోవచ్చు. సీటు గుంట ఆయన కూర్చున్న గుర్తు. ఇంతకాలం ఒక్కరే కూర్చున్నారంటే గుంట పడకపోతేనే ఆశ్చర్యం. మా బావగారు డాక్టరే, కార్ల డాక్టరు కాదు.

ఆయన తుడవడం ఆపాడు.

"అయితే ఏ లోపమూ లేదంటారా?"

"ఒకటుంది. ఆయన చూడలేదు. ఎడమ వెనక చక్రం ముందు, కింది రేకు మీద రంగు ఉబ్బింది. నీళ్ళ గొట్టం పూడుకుపోయి ఉంటుంది. ఇప్పుడే చూడకపోతే రెండు చలికాలాల్లో తుప్పు ఆ రేకుని తినేస్తుంది."

ఆయన బల్ల మీదున్న టార్చి తీసుకుని, కారు పక్కన నేల మీద పడుకున్నాడు. ఆ వయసులో నేను అలా పడుకోలేను. లోపలి నుంచి అన్నాడు, "ఎక్కడ?"

నేను గుమ్మం దాటి వెళ్ళి, ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో చూపించాను. ఆయన కూడా తడిమి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. "అవును" అన్నాడు. లేచి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చి సీటు వెనక రంధ్రంలోంచి దూర్చాడు. నేను కింద గిన్నె పట్టుకున్నాను. ఆకుల ముద్ద, నల్లటి నీళ్ళు వచ్చాయి. మేమిద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం. కాఫీ ఇస్తాడేమో అనుకున్నాను. ఇవ్వలేదు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు? ధర తగ్గేది" అన్నాడు.

"మాట్లాడొద్దన్నారు" అన్నాను. నిజం అదే. "పైగా ఆ లోపం ఒక్కటే నిజమైనది. దాన్ని ఆ అబద్ధాల్లో కలపబుద్ధి కాలేదు."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. ప్రకటనలో ఉన్న ధరే చెప్పాడు. ఆ తుప్పు నేను చూపించానని ఒక్క డాలరు కూడా తగ్గించలేదు. నేను అడగలేదు కూడా, అయినా ఆయన తనంతట తాను తగ్గించి ఉండాల్సింది. అది నా అభిప్రాయం. తర్వాత ఒక షరతు చెప్పాడు.

"ఆ తన్నినాయన దీన్లో కూర్చోకూడదు."

"ఎప్పటికీ?" అన్నాను.

"నేను బతికున్నంతకాలం."

నేను చెయ్యి చాపాను. ఆయన చెయ్యి కలిపాడు.

కారు ఇంటికొచ్చిన రోజున బావగారు డ్రైవ్‌వే మీదికి వచ్చి నిలబడ్డారు. మా ఆవిడ హారతి పళ్ళెంతో వచ్చింది. ఆ బానెట్ మీద పసుపూ కుంకుమా పెట్టనివ్వనన్నాను. ఫ్యాక్టరీ రంగు. కావాలంటే టైర్లకి పెట్టుకోమన్నాను. ఆ విషయంలో ఆవిడకి ఇప్పటికీ కోపముంది. ఉండనీ.

"మొత్తానికి సాధించావు బావా. ఎంతకి దిగాడు?" అన్నారు బావగారు.

"దిగలేదు."

"చూశావా! నన్ను తీసుకెళ్ళి ఉంటే" అంటూ ఆయన పక్క సీటు వైపు డోరు హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. లోపల కూర్చున్న నేను తాళం తీయలేదు.

"మీరు కూర్చోకూడదు బావగారూ. అమ్మినాయన షరతు. మాటిచ్చాను."

ఆయన నేను వేళాకోళమాడుతున్నానని నవ్వారు. నేను నవ్వలేదు. మా ఆవిడ పళ్ళెం పట్టుకునే, "ఇదెక్కడి చోద్యమండీ? ఆ ముసలాయన వచ్చి చూస్తాడా ఏమిటి? అన్నయ్యని ఒక్క చుట్టు తిప్పి తీసుకురండి" అంది.

"చూడడు. మాటిచ్చాను."

"సొంత అన్నయ్యండీ!"

"ఆయన టైరుని తన్నారు."

ఆవిడ ఇంట్లోకి వెళ్ళిపోయింది. బావగారు వెళ్ళలేదు. హ్యాండిల్ మీద నుంచి చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక కట్టుకుని, కుంటుకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగారు. ఏ వంకా పెట్టలేదు. కిటికీ దగ్గర వంగి లోపలికి చూశారు. క్యాసెట్ ప్లేయరు చూశారు, గేరు రాడ్డు చూశారు, గుంట పడిన సీటు చూశారు. నేను స్టీరింగు ముందు కూర్చునే ఉన్నాను. హెడ్‌లైట్లు లేపి చూపించమన్నట్టు వేలితో సైగ చేశారు. లేపాను.

"బాగుంది" అన్నారు.

ఈ మనిషి నేను కొన్న వస్తువుని బాగుందనడం నేను ఎప్పుడూ వినలేదు. ఇల్లు కొన్నప్పుడు తలుపు దక్షిణం వైపుందన్నారు. పట్టుచీర తెస్తే అంచు సన్నమన్నారు. నేను అద్దం పూర్తిగా కిందికి దించి, "ఏమన్నారు?" అని అడిగాను.

"ఏమీ లేదు" అని, ఆయన మోకాలు పట్టుకుని ఇంట్లోకి వెళ్ళారు.

వినపడింది, వినపడకపోలేదు. ఇంకోసారి అంటారేమోనని అడిగాను. అనలేదు. నేను రివర్సు గేరు వేసి, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఊరి పక్కనున్న లేక్ వైపు బయల్దేరాను.